కోళ్ల గూటికి అభిషేకం

మట్టెవాడలో మా ఇంటి పెరటి గోడ ఛాతీ ఎత్తున ఉంటుంది. దానికి ఇటువైపు నేను, అటువైపు ఒక విశ్వాసి. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, చర్చిలో సంఘపెద్ద. నేను వయసొచ్చినప్పటి నుంచి సభల్లోనూ పత్రికల్లోనూ దేవుడు లేడని వాదిస్తున్నవాణ్ణి. ఆయన భార్య నన్ను అన్నా అని, నా భార్యను వదినె అని పిలుస్తుంది. ఆ వరసన ఆయన నాకు బావ. బావ కాబట్టి పొద్దున ఎంత మాటైనా అనుకోవచ్చు, సాయంత్రం కలిసి చాయ్ తాగొచ్చు. ఆ గోడ మీద మోచేతులు ఆనించి మేము సృష్టి, పాపం, పరలోకం అన్నీ చర్చించాం. మోచేతుల కింద సిమెంటు నున్నబడింది గాని ఒక్క సమస్యా తేలలేదు. మా ఇద్దరి మధ్య తేలిన సమస్య ఒకటే. అది కోళ్ల గూడు వాసన.

కోళ్లు నా భార్యవి. ఆమె సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరైంది. రిటైరైన కొత్తలో పొద్దున్నే లేచి చీర కట్టుకుని, ఎక్కడికి పోవాలో తెలియక కుర్చీలో కూర్చునేది. మోకాళ్లు పట్టేస్తున్నాయి, నడవండి అని డాక్టరు చెప్పాడు. నడవలేదు. నేను వ్యాయామం గురించి ఒక వ్యాసమంత ఉపన్యాసం ఇచ్చాను. దానికీ లేవలేదు. అప్పుడు రఘునాథపల్లి నుంచి ఆమె చెల్లెలు గంప నిండా నాటు కోళ్లు తెచ్చి పెరట్లో దింపింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మళ్లీ బడి మొదలైంది. పొద్దున గింజలు, మధ్యాహ్నం నీళ్లు, సాయంత్రం హాజరు. వంటింటికీ పెరటికీ మధ్య ఆమె నడిచే నడకకు డాక్టరే ఆశ్చర్యపోయాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె లోపలికి పొమ్మంటే కోళ్లు పోయేవి. ఇంట్లో నేను అలా ఎప్పుడూ పోలేదు.

గూడు మాత్రం నా పాత పుస్తకాల బీరువా. చెదలు పట్టిందని నేను పక్కన పెడితే, ఆమె వడ్రంగిని పిలిపించి బీరువాను పడుకోబెట్టించి, తలుపు కోయించి, లోపల అడ్డంగా ఒక కర్ర వేయించింది. మూఢనమ్మకాల మీద నా కరపత్రాలు నిద్రపోయిన చోట కోళ్లు నిద్రపోసాగాయి. గోడకు ఆనించి పెట్టాం. అదే మా కొంప మీదికి తెచ్చింది.

ఒక సోమవారం పొద్దున బావ భార్య గోడ దగ్గరికి వచ్చింది. ఆమెకు కొన్నాళ్ల కింద పెద్ద ఆపరేషన్ అయింది. కోలుకుంది. అందుకని ఇంటి వెనక షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నారు. అందరూ కూర్చుని పాటలు పాడి, ప్రార్థన చేసి, భోజనాలు చేస్తారు.

"వదినె, నువ్వేమనుకోనంటే ఒక మాట" అంది.

"చెప్పు వదినె" అంది నా భార్య, చేతిలో గింజల చాటతో.

"నీ కోళ్లు మంచియే. మొన్న నువ్విచ్చిన గుడ్లు గూడ మంచిగున్నయి. గని జర వాసనస్తాంది. వచ్చే ఆదివారమే కూడిక. ఈ గోడ పొంటే షామియానా ఏస్తాండ్రు."

బావ వెనక నుంచి అందుకున్నాడు. "మామూలు రోజులల్లయితే ఓర్సుకుంటం బావా. గని ప్రార్థనల అందరం కండ్లు మూసుకుంటం. కండ్లు మూసుకుంటే ముక్కు డబల్ పని జేస్తది."

"మరి తెరుసుకోని చెయ్యుండ్రి" అన్నాను.

నా భార్య నా కాలు తొక్కింది. చాట కింద పెట్టి, హాజరు పట్టీ ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి చెప్పింది. "ఆదివారం కల్లా వాసన లేకుంట జూస్త వదినె. అప్పటికి గూడ వస్తే అన్నిటిని మా చెల్లె కాడికి తోలిస్త. మాటంటే మాటే."

"అంత దూరం ఎందుకు చెల్లె" అన్నాడు బావ. "కూడిక కాంగనే భోజనాలు ఉన్నయి గదా."

ఎవరూ నవ్వలేదు. ఆయన భార్య చూసిన చూపుకు ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రం నా భార్య హాజరు తీసుకుంటూ మధ్యలో ఆగిపోయింది. ఎర్ర పెట్ట ఒకటి ఉండేది, ఎప్పుడూ అందరికన్నా ఆఖరున లోపలికి పోయే అల్లరిది. దాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లేపితే లేవలేదు. మళ్లీ ఆ కుర్చీ రోజులు వస్తాయని నాకు భయం వేసింది. ఆమె నా వైపు చూడకుండా అడిగింది. "వాసన తీస్తవా, ముచ్చట్లే చెప్తవా?"

"ఇది శాస్త్రీయ సమస్య" అన్నాను. "శాస్త్రీయంగా తీస్త."

మంగళవారం పొద్దున నడుముకు తువ్వాలు చుట్టి రంగంలోకి దిగాను. పైపు పెట్టి గూడు గోడలు, నేల, కర్ర, బండలు, అన్నీ కడిగాను. చీపురుతో రుద్దాను. ఫినాయిల్ పోసి మళ్లీ కడిగాను. మధ్యాహ్నానికి పెరడంతా దవాఖాన వాసన. గర్వంగా ఉంది. బుధవారం తెల్లవారి గూడు తలుపు తీసేసరికి లోపలి నుంచి ఒక ఘాటు వచ్చి ముక్కులోంచి కళ్లలోకి పోయింది. మొన్నటి వాసన దీని ముందు అత్తరు. ఈగలు కొత్తగా వచ్చాయి. సరే, చాలినంత కడగలేదు అనుకుని రెండింతలు నీళ్లు పోశాను. గురువారానికి గోడకు అటువైపు బావ ముక్కుకు రుమాలు కట్టుకుని తులసి మొక్కకు నీళ్లు పోస్తున్నాడు. దగ్గుకు మంచిదట, దేవుడికి కాదట. కోళ్లు తడి కాళ్లతో బట్టలుతికే బండెక్కి నిలబడ్డాయి, గూట్లోకి పోం అన్నాయి. టీచరు పిలిచినా పోలేదు.

నేను మళ్లీ పైపు అందుకున్నాను. నా భార్య గడప మీద నిలబడి చూస్తోంది.

"ఏందిది, రోజు? దేవుండ్లకు గూడ గిన్ని నీళ్లు పోస్తలేరు. ఇది కడుగుడు గాదు, అభిషేకం."

కోపం వచ్చింది. అభిషేకాల మీద నేను రాసినన్ని వ్యాసాలు ఈ జిల్లాలో ఎవరూ రాసి ఉండరు. పైపు పట్టుకుని జవాబు వెతుక్కుంటున్నాను. నీళ్లు కారుతూనే ఉన్నాయి.

నా జీవితంలో సగం వాదనలు నీళ్ల మీదే. మైల పడిందని చెంబెడు నీళ్లు చల్లి ఇల్లు శుద్ధి అయిందనుకునేవాళ్లను నిలదీశాను. తోటి మనిషి తగిలాడని తలస్నానం చేసేవాళ్లను వేదిక మీదకు పిలిచి, ఆ నీళ్లు ఏ మురికిని కడిగాయో చూపించమన్నాను. కళ్లకు కనబడని మురికిని కళ్లకు కనబడే నీళ్లతో కడగటం అజ్ఞానం, ఆ మురికి ఇంకో మనిషి అనుకోవటం దుర్మార్గం అన్నాను. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఇవాళ వెనక్కి తీసుకోను. కానీ నీళ్లు పోస్తే శుభ్రం అన్న నమ్మకాన్ని నేనెప్పుడు పరీక్షించాను? ఆ చెంబే పొడుగ్గా సాగి, పైపు అయి, నా చేతిలోకి వచ్చింది. ఆచారం మానేశాను గాని దాని అలవాటు చేతుల్లో అలాగే ఉంది. కొళాయి కట్టేశాను.

వాదించటం తెలిసినవాడికి పరీక్ష పెట్టటం కూడా తెలియాలి. వంటింట్లోంచి మూతలున్న స్టీలు డబ్బాలు రెండు తెచ్చాను. రెండింటిలోనూ ఒకేలా రెట్ట వేశాను. ఒకదాంట్లో గుడ్ల గంపలో పరిచిన ఊక గుప్పెడు కలిపి పొడిగా మూత పెట్టాను. రెండోదాంట్లో నీళ్లు పోసి మూత పెట్టాను. రెండూ తీసుకుపోయి కిటికీలో ఎండకు పెట్టాను. నా భార్య వాటిని చూసి, నేను జీడిపప్పు దాచుకున్నాననుకుని మూత తీయబోయింది. అరిచి ఆపాను. ఆ డబ్బాలు ఇప్పటికీ వంటింట్లోకి తిరిగి రాలేదు, ఆ సంగతి కూడా ఇంకా ముగియలేదు.

శుక్రవారం పొద్దున వాటిని గోడ మీద పెట్టి బావను పిలిచాను. నా ముక్కు చెబితే పక్షపాతం అంటారు. ఎదుటి పక్షం ముక్కు చెబితే సాక్ష్యం.

"కండ్లు మూసుకో" అన్నాను. "ప్రార్థన చేసినట్టే."

"నువ్వు చెప్తే ప్రార్థన చేసుడు గూడ భయమైతాంది" అంటూనే కళ్లు మూసుకున్నాడు. పొడి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను.

"గడ్డి వాసన. మా గూడ్స్ షెడ్డుల గిట్లనే ఉండేది. మంచిగనే ఉన్నది బావా. ఏందిది?"

జవాబు చెప్పకుండా రెండోది తీశాను. ఆయన ఒక్కసారిగా వెనక్కి పోయి తులసి మొక్కను తొక్కాడు. కళ్ల నీళ్లు తుడుచుకుని, దగ్గు ఆగాక, నింపాదిగా అన్నాడు. "నరకమనేదొకటి ఉన్నదని ఇప్పుడన్న ఒప్పుకో."

నరకం సంగతి తర్వాత, ముందు ఊక కావాలన్నాను. కేసముద్రంలో తెలిసిన రైసు మిల్లు ఉందని ఆయనే చెప్పాడు, ఆయనే నాతో రైలెక్కాడు. మధ్యాహ్నానికి ఊక బస్తా మీద ఇద్దరం కూర్చుని తిరిగి వచ్చాం. బస్తాకు చిల్లు ఉందని దిగేదాకా తెలియలేదు. రైలు డబ్బాలో జనం అంతా మమ్మల్ని తుమ్ముతూ దింపారు.

"నీకెందుకు ఇంత కష్టం?" అని అడిగాను. "కోళ్లు పోతే నీకు సుఖమే గదా."

"గుడ్లు ఎవలిస్తరు? మా గులాబీలకు రెట్ట ఎవలిస్తరు?" అన్నాడు. తర్వాత, "మా ఇంటామె గూడ మాటనుకోని పరేషాన్ అయితాంది. నీ ఇంటామె మొకం జూడలేక గోడ కాడికే రాదు" అన్నాడు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. గూట్లో ఉన్న తడి అంతా గోకి తీసి, తలుపులు తెరిచి, బండలు ఎండనిచ్చాను. బీరువా పలకలు రెండు వైపులా ఊడదీసి జాలీ కొట్టాను, ఒక పక్క నుంచి వచ్చిన గాలి ఇంకో పక్క నుంచి పోయేలా. కోళ్లు రాత్రంతా కూర్చునే కర్ర కిందే రెట్టంతా పడుతుందని అప్పుడు గమనించి, అక్కడ ఒక పలక పరిచాను. పొద్దున ఆ పలక ఒక్కటి తీసి గోకితే చాలు. నీళ్ల గిన్నె ఇన్నాళ్లూ గూట్లోనే ఉండేది. కోళ్లు దాంట్లో కాళ్లు పెట్టి నేలంతా తడిపేవి. దాన్ని బయటికి తెచ్చి ఇటుక మీద పెట్టాను. నేల మీద జానెడు మందాన ఊక పోశాను. దాంట్లో కలపటానికి బూడిద కావాలి. మా ఇంట్లో గ్యాసు. గల్లీ చివర ఇస్త్రీ బండి అతను ఇంకా బొగ్గుల పెట్టెనే వాడతాడు. శనివారం పొద్దున అతని దగ్గర బకెట్ నిండా బూడిద తెచ్చుకున్నాను.

బూడిదకూ నాకూ పాత లెక్క ఉంది. గాల్లోంచి బూడిద రాల్చే బాబాల గుట్టు చెప్పటానికి నేనే వేదిక మీద అరచేతిలోంచి బూడిద రాల్చి చూపించేవాణ్ణి. గల్లీలో అందరూ చూసినవాళ్లే. ఇప్పుడు ఆ బకెట్ మోసుకొస్తూ, చెమట పడితే అదే చేత్తో నుదురు తుడుచుకున్నాను. పాల దుకాణం ముందు కూర్చునే ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"సారు, విబూది వెట్టినవా. మంచిది. ఆఖరికి బుద్ధొచ్చింది."

"ఇది విభూతి కాదు పెద్దాయనా. కోళ్లది."

"ఏ దేవునిదైతేంది సారు" అన్నాడు, చెయ్యి చాపుతూ. "జర చిటికెడు నాకియ్యి."

నేను వివరించటం మొదలుపెట్టాను. తేమ గురించి, బూడిద దాన్ని ఎలా పీల్చుకుంటుందో చెప్పాను. ఆయన భక్తితో విని, చిటికెడు తీసుకుని పోయాడు. ఇంటికి వచ్చేలోగా కబురు గోడ దాటింది. బావ మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

"నువ్వు విబూది వెట్టినవని గల్లీ అంత అంటాండ్రు. ఇన్నేండ్ల సంది నీ కోసం నేను కష్టపడుతాన, నువ్వు ఆ దిక్కు పోతవా?"

ఆదివారం వచ్చింది. పొద్దున గూటి తలుపు తీస్తే ఎండిన గడ్డి వాసన. నా భార్య తల లోపలికి పెట్టి పీల్చింది, బయటికి తీసింది, మళ్లీ పెట్టింది. నమ్మటానికి భయపడుతోంది. కోళ్లకు మేత వేసి, లోపలికి తోలి, మంచి చీర కట్టుకుంది. బయలుదేరేదాకా వెళ్లి చూసి రావటం, తలుపు తీసి వాసన చూడటం, మూయటం. ఆ తీయటాల్లో మూయటాల్లో ఆఖరిసారి గొళ్లెం పెట్టటం మరిచిపోయింది. అది ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

షామియానా కింద చాపలు. నా భార్య బావ భార్య పక్కన కూర్చుంది. నేను చివర, గోడ వైపు కూర్చున్నాను. పాటలయ్యాయి. పాస్టరు గారు కుర్చీలోంచి లేచి, ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. మర్యాదకు నా భార్య కూడా మూసుకుంది. నేను మూసుకోను. పెళ్లిలో మూసుకోలేదు, చావులో మూసుకోలేదు, అది నా పద్ధతి. కాబట్టి ఆ తర్వాత జరిగింది అక్కడున్నవాళ్లలో నేనొక్కణ్ణే చూశాను.

గోడ మీదికి ఎర్ర పెట్ట ఎగిరి వచ్చింది. మెడ అటూ ఇటూ తిప్పి, జనాన్ని చూసి, ఇటు దూకింది. చప్పుడు కాలేదు. మడిచిన మోకాళ్ల మధ్య నుంచి, తనిఖీకి వచ్చినట్టు ఒక్కో మనిషి దగ్గరా ఆగి నడిచింది. బావ పంచె కొస వాసన చూసింది. నా భార్య చీర కుచ్చిళ్లను గుర్తుపట్టి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత పాస్టరు గారి ఖాళీ కుర్చీ కిందికి దూరి, ఈకలు విప్పుకుని, కూర్చుంది.

లేచి పట్టుకుంటే ప్రార్థన చెడుతుంది. పట్టుకోకపోతే కోడి బయటపడుతుంది. పాస్టరు గారు ఆపరేషన్ చేసిన డాక్టరు కోసం ప్రార్థించారు, నర్సుల కోసం ప్రార్థించారు, మందుల దుకాణం వరకూ వచ్చారు. నేను బావ భార్య ముక్కునే చూస్తున్నాను. ఒకసారి ముక్కుపుటాలు ఎగిశాయి. గాలి వంట వైపు నుంచి వచ్చింది, బగారన్నం వాసన. మళ్లీ సర్దుకున్నాయి.

ఆమెన్ అన్నారు. కళ్లు తెరిచారు. పాస్టరు గారు కూర్చోబోయి, కుర్చీ కింద చూసి, కూర్చోకుండా ఆగారు. అందరూ వంగి చూశారు. నా భార్య మొహం పాలిపోయింది.

"ఇది ఎప్పుడచ్చింది?" అంది బావ భార్య.

లేచి నిలబడ్డాను. సభ అంటే నాకు భయం లేదు. "ప్రార్థన మొదట్నించీ ఇక్కడే ఉన్నది. ఒక్కొక్కరి మోకాలి దగ్గరికీ వచ్చిపోయింది. కండ్లు మూసుకుంటే ముక్కు డబల్ పని జేస్తదన్నరు. ఇన్ని ముక్కులల్ల ఒక్క ముక్కుకన్న తెలిసిందా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బావ తన పంచె చూసుకున్నాడు. ఆయన భార్య మెల్లగా వంగి, పెట్టను రెండు చేతులతో ఎత్తి, దాని వీపు మీద ముక్కు ఆనించి, బిడ్డ తల వాసన చూసినట్టు చూసింది.

"ఏం వాసన లేదు వదినె" అంది.

నా భార్య ఊపిరి వదిలింది. ఆ శబ్దం నాదాకా వినబడింది. పెట్ట ఆమె ఒళ్లోకి వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. బావ భార్య కళ్లు తుడుచుకుంది. "వారం సంది ఇదే ప్రార్థన జేసుకుంటాన. వాసన పోవాలె, వదినె కోళ్లు పోవద్దని. దేవుడు విన్నడు."

"స్తోత్రం" అన్నారు అందరూ. పాస్టరు గారు ఇది గొప్ప సాక్ష్యం అన్నారు.

నేను నోరు తెరిచాను. ఊక, బూడిద, జాలీ, రెట్ట పలక, ఇటుక మీది నీళ్ల గిన్నె, స్టీలు డబ్బాలు, అన్నీ నాలుక చివర వరసగా నిలబడి ఉన్నాయి. ఎదుటి పక్షం సాక్షి కూడా పక్కనే ఉన్నాడు. ఇంత సులువుగా గెలిచే వాదన నాకు జీవితంలో దొరకలేదు. అప్పుడు నా భార్య నన్ను చూసింది. ఈసారి కాలు తొక్కలేదు. పెట్టను గట్టిగా పట్టుకుని ఊరికే చూసింది, అంతే. నేను నోరు మూసుకుని, చాప మీద కూర్చుని, బగారన్నం ఎప్పుడు పెడతారని అడిగాను.

మర్నాడు పొద్దున పలక గోకుతుంటే బావ గోడ మీద మోచేతులు ఆనించాడు.

"ఏం బావా, ప్రార్థన పని జేసింది గదా."

"చేసింది. అందుకే రేపటి సంది గూడు కాడ మీరే ప్రార్థన చెయ్యుండ్రి. నేను పేపరు చదువుకుంట."

ఆయన ఆలోచించాడు. "అట్ల గాదు. ప్రార్థన మేం జేస్తం. పార నువ్వే వట్టు."

"రెట్ట గులాబీలకు కావాలంటివి. కావాలంటే వచ్చి నువ్వు వట్టు."

వంటింట్లోంచి నా భార్య కేకేసింది. "ముచ్చట్లు చాలు గని, ఆ ఊక జర తిరగెయ్యుండ్రి. అడుగున తడి ఉంటది." కోళ్లను పేరు పేరునా బయటికి పిలుస్తూ గడప దిగింది, మోకాళ్ల నొప్పి సంగతి గుర్తులేనట్టు.

బావ లుంగీ ఎగ్గట్టి, గోడ దాటి, పార అందుకున్నాడు. ఊక తిరగేస్తూ, అసలు ఊకను పుట్టించింది ఎవరో చెప్పు చూద్దాం అని మొదలుపెట్టాడు. నేను బకెట్ పట్టుకుని నిలబడి, మిల్లు అన్నాను.